రిజిస్ట్రేషన్ ఫారం సగంలో వదిలేస్తుంటే: డిజైన్ మార్చేముందు చూడాల్సినవి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. కోర్సులో చేరడానికి పెట్టిన ఫారంలో 14 గడులున్నాయి, చివర్లో ఫొటో అప్‌లోడ్, ఆ తర్వాత ఓటీపీ. కంప్యూటర్‌లో తెరిచినవాళ్ళు చాలావరకు పూర్తి చేస్తున్నారు, ఫోన్‌లో తెరిచినవాళ్ళు మధ్యలో వెళ్ళిపోతున్నారు. రంగులు, బ్యానర్, హోమ్ పేజీ అన్నీ మార్చి కొత్త డిజైన్ వేయిద్దామని మీ టీమ్ అంటోంది. అది సరైన దారేనా అని అడిగారు.

కాదు. హోమ్ పేజీ బాగాలేకపోతే జనం ఫారం దాకా రారు. మీవాళ్ళు వచ్చారు, పేరు రాశారు, ఫోన్ నంబరు ఇచ్చారు, ఆ తర్వాతే ఆగారు. చేరాలనే ఉద్దేశం వాళ్ళకు ఉంది. ఏదో ఒక గడి దగ్గర మీ సైట్ వాళ్ళను ఆపింది. నొప్పి ఒకచోట, మందు ఒకచోట అయితే డబ్బు ఖర్చవుతుంది, ఆ గడి మాత్రం అలాగే ఉంటుంది.

ఎక్కడ ఆగుతున్నారో ముందు తేల్చండి

ప్రతి గడికీ మూడు సంగతులు లాగ్ చేయండి, అంటే రికార్డు చేసి పెట్టుకోండి: వెళ్ళిపోయినవాళ్ళు చివరిగా తాకిన గడి ఏది, ఏ గడిలో ఏ ఎర్రర్ మెసేజ్ ఎన్నిసార్లు వచ్చింది, ఒకే మనిషికి ఒకే ఎర్రర్ రెండోసారి వచ్చిందా. మూడోది చాలా విలువైనది. ఒకసారి తప్పు రావడం సహజం. మెసేజ్ చదివి సరిదిద్దాక కూడా మళ్ళీ అదే వచ్చిందంటే ఆ మెసేజ్ పనికిరానిది, లేదా మీ నిబంధనే తప్పు. వాళ్ళు రాసిన విషయాన్ని మాత్రం లాగ్‌లో పెట్టకండి. గడి పేరు, ఎర్రర్ కోడ్, సమయం ఉంటే సరిపోతుంది.

లాగ్ ఎక్కడో చెబుతుంది, ఎందుకో చెప్పదు. అందుకు ఐదుగురిని కూర్చోబెట్టి, వాళ్ళ సొంత ఫోన్‌లోనే ఫారం నింపమనండి. ఆఫీసు ఫోన్ ఇవ్వొద్దు. వాళ్ళ కీబోర్డ్, వాళ్ళ అక్షరాల సైజు, వాళ్ళ ఆటోఫిల్ (ఫోన్ తానే నింపే వివరాలు) ఉండాలి. పక్కన కూర్చున్నప్పుడు సాయం చేయకండి. "ఇప్పుడేం చేయాలి?" అని అడిగితే "నేను లేకపోతే ఏం చేసేవారు?" అని తిరిగి అడగండి. ఐదుగురితో పెద్ద అడ్డంకులు చాలావరకు బయటపడతాయని వెబ్‌సైట్ల వాడకం తీరును పరిశోధించే జేకబ్ నీల్సన్ 2000లోనే వాదించారు. పదిహేనుమందితో ఒకసారి చేసే బదులు ఐదుగురితో మూడుసార్లు చేసి, మధ్యలో సరిదిద్దుకుంటూ పోవాలన్నది ఆ వాదనలో అసలు సంగతి. ఆ సగం చాలామంది మర్చిపోతారు.

గడుల సంఖ్య

14 గడుల్లో ప్రతిదాని పక్కనా రాసుకోండి: ఈ సమాధానాన్ని ఎవరు వాడతారు, ఎప్పుడు వాడతారు, లేకపోతే ఏ పని ఆగిపోతుంది. మూడిటికీ జవాబు దొరకని గడి తీసేయండి. చేరిన తర్వాత అవసరమయ్యేవి చేరిన తర్వాతే అడగండి. "మా గురించి ఎలా తెలిసింది?" లాంటిది ధన్యవాదాల పేజీలో పెట్టినా జవాబిచ్చేవాళ్ళు ఇస్తారు. ఇష్టమైతేనే నింపాల్సిన గడి మిగిలితే, దాని లేబుల్‌లోనే "తప్పనిసరి కాదు" అని మాటల్లో రాయండి. తప్పనిసరి అని చెప్పే ఎర్ర నక్షత్రం (*) గుర్తు అర్థం అందరికీ తెలియదు.

ఒకసారి ఇచ్చినదాన్ని అదే ప్రక్రియలో రెండోసారి రాయించడం 2023 అక్టోబరులో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 (వెబ్‌సైట్లు అందరూ వాడగలిగేలా ఉండాలని చెప్పే ప్రమాణం) ప్రకారం కనీస స్థాయిలోనే లోపం. ఈమెయిల్ రెండుసార్లు రాయించే గడి ఉంటే తీసేసి, రాసిన చిరునామాను ఓటీపీ పేజీలో పెద్దగా చూపించండి, పక్కన "మార్చు" అనే లింక్ ఇవ్వండి.

లేబుల్ గడిలోపల ఉండకూడదు

మీ ఫారంలో గడి పేరు ప్లేస్‌హోల్డర్‌గా, అంటే గడిలోపల లేత బూడిద రంగులో, ఉందన్నారు. ఒక్క అక్షరం కొట్టగానే అది మాయమవుతుంది. ఫోన్‌లో మధ్యలో కాల్ వచ్చి తిరిగొచ్చినవాళ్ళకు ఏ గడిలో ఏం రాశారో తెలియదు. ఆటోఫిల్ ఐదు గడులు ఒకేసారి నింపితే సరిచూసుకునే దారే లేదు. లేత రంగు అక్షరాలు చూసి "ఇది ఇప్పటికే నిండి ఉంది" అనుకుని దాటేసేవాళ్ళూ ఉంటారు.

లేబుల్ గడిపైన, ఎడమవైపు, ఎప్పుడూ కనిపించేలా పెట్టండి. కోడ్‌లో లేబుల్ ట్యాగ్‌కున్న ఫర్ విలువ, గడి ఐడీ ఒకటే కావాలి. అప్పుడే స్క్రీన్ రీడర్ (తెర మీది మాటలు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) గడి పేరు చదువుతుంది, లేబుల్ మీద వేలు పెట్టినా కర్సర్ గడిలోకి వెళ్తుంది. ఉదాహరణ చూపాలంటే లేబుల్ కింద చిన్న వాక్యంగా రాయండి.

రంగు సంగతికొస్తే, మామూలు అక్షరాలకు నేపథ్యంతో కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) కనీసం 4.5:1, పెద్ద అక్షరాలకూ గడి అంచులకూ 3:1 ఉండాలి. తెల్లటి పేజీ మీద #999999 అనే బూడిద రంగుకు 2.85 మాత్రమే వస్తుంది. #767676 అయితే 4.54, అంటే అంచున గట్టెక్కుతుంది. ఎండలో ఫోన్ చూసేవాళ్ళ కోసం ఇంకొంచెం ముదురు చేసినా పేజీ అందం ఏమీ తగ్గదు.

ఫోన్ కీబోర్డ్

కంప్యూటర్‌కూ ఫోన్‌కూ మీరు చూస్తున్న తేడాలో పెద్ద వాటా ఇక్కడే ఉండొచ్చు. గడి ఫాంట్ 16 పిక్సెళ్ళకంటే చిన్నదైతే ఐఫోన్ సఫారీ ఆ గడిని తాకగానే పేజీని దానంతటదే పెద్దది చేస్తుంది. కుడివైపు సగం తెర బయటికి పోతుంది, ప్రతి గడికీ పక్కకు జరుపుకోవాలి. దీనికి విరుగుడుగా జూమ్‌నే ఆపేసే వ్యూపోర్ట్ సెట్టింగ్ పెట్టేవాళ్ళున్నారు. చూపు సరిగా లేనివాళ్ళకు అది గోరుచుట్టు మీద రోకటిపోటు. ఫాంట్‌ను 16 చేయండి, జూమ్ జోలికి పోకండి.

ఈమెయిల్ గడి టైప్ ఈమెయిల్, ఫోన్ గడి టైప్ టెల్ అని ఉండాలి. అప్పుడు తగిన కీబోర్డే పైకొస్తుంది. అంకెలన్నిటికీ టైప్ నంబర్ పెట్టడం మాత్రం పొరపాటు. అది లెక్కలు కట్టే సంఖ్యల కోసం. మౌస్ చక్రం తిరిగితే విలువ మారిపోవచ్చు, దాన్ని సంఖ్యగా మార్చి దాచే కోడ్‌లో ముందున్న సున్నాలు పోతాయి. రోల్ నంబరు, పోస్టల్ కోడ్, ఓటీపీ లాంటివాటికి టైప్ టెక్స్ట్ ఉంచి ఇన్‌పుట్‌మోడ్ న్యూమరిక్ అని ఇవ్వండి.

ప్రతి గడికీ ఆటోకంప్లీట్ విలువ (గడిలో ఏం నింపాలో బ్రౌజర్‌కు చెప్పే మాట) ఇవ్వండి: నేమ్, ఈమెయిల్, టెల్, స్ట్రీట్-అడ్రస్, పోస్టల్-కోడ్. కొత్త పాస్‌వర్డ్‌కు న్యూ-పాస్‌వర్డ్, లాగిన్‌లో కరెంట్-పాస్‌వర్డ్. ఇది పెట్టడానికి అరగంట పడుతుంది, వాడేవాళ్ళు టైప్ చేసే పని సగానికి సగం తగ్గొచ్చు. ఒక చిక్కు గుర్తుంచుకోండి: ఆటోఫిల్ ఫోన్ నంబరును దేశం కోడ్‌తో సహా నింపొచ్చు. మీరు సరిగ్గా నంబరులోని అంకెల సంఖ్యకే మ్యాక్స్‌లెంగ్త్ (గరిష్ఠ పొడవు) పెట్టి ఉంటే చివరి అంకెలు చప్పుడు లేకుండా తెగిపోవచ్చు. తర్వాత "నంబరు సరికాదు" అని ఎర్రర్ వస్తుంది. తప్పు ఎవరిదో వాళ్ళకు ఎప్పటికీ తెలియదు. మ్యాక్స్‌లెంగ్త్ తీసేసి, ఖాళీలు, గీతలు, బ్రాకెట్లు, కోడ్ అన్నీ సర్వర్‌లో శుభ్రం చేసుకోండి. యంత్రం చేయగల పని మనిషితో చేయించకూడదు.

పుట్టిన తేదీకి క్యాలెండర్ వద్దు. వచ్చే వారంలో ఒక రోజు ఎంచుకోవడానికి అది బాగుంటుంది, 1987కి వెనక్కి నడవడానికి కాదు. రోజు, నెల, సంవత్సరం మూడు చిన్న గడులుగా పెట్టి మూడిటికీ అంకెల కీబోర్డ్ ఇవ్వండి. ఒక గడి నిండగానే కర్సర్‌ను తర్వాతి దాంట్లోకి తోయకండి. వెనక్కి వచ్చి సరిదిద్దబోయేవాళ్ళకు అది చిరాకు.

ఓటీపీ

ఆరు అంకెలకు ఆరు విడివిడి గడులు చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి. కానీ అతికిస్తే మొదటి అంకె మాత్రమే పడే సైట్లు, చెరిపేస్తే కర్సర్ వెనక్కి రాని సైట్లు కొల్లలు. ఒకే గడి పెట్టండి, ఆటోకంప్లీట్ వన్-టైమ్-కోడ్ అని ఇవ్వండి. ఐఫోన్‌లో వచ్చిన కోడ్ కీబోర్డ్ పైనే కనిపిస్తుంది. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో వెబ్ ఓటీపీ (ఎస్ఎంఎస్‌లోని కోడ్‌ను పేజీలోకి తెచ్చే సదుపాయం) వాడాలంటే కొంచెం స్క్రిప్ట్ రాయాలి, ఎస్ఎంఎస్ చివరి వరుసలో మీ డొమైన్ పేరు ముందు @, కోడ్ ముందు # ఉండాలి. పేస్ట్ ఆపేసే స్క్రిప్ట్ ఎక్కడున్నా తీసేయండి. లాగిన్ దగ్గర పాస్‌వర్డ్ పేస్ట్‌ను, పాస్‌వర్డ్ మేనేజర్‌ను అడ్డుకుంటే వేరే తేలిక దారి ఏదైనా చూపాల్సిందేనని డబ్ల్యూసీఏజీ 2.2 కూడా అంటోంది.

ఇంతకంటే పెద్ద సమస్య ఆఫీసు ఫోన్లలో కనిపించదు. మెమరీ తక్కువున్న ఫోన్‌లో ఎస్ఎంఎస్ చూడటానికో ఫొటో తీయడానికో వేరే యాప్‌లోకి వెళ్తే, ఆండ్రాయిడ్ బ్రౌజర్ ట్యాబ్‌ను మెమరీలోంచి తీసేయొచ్చు. తిరిగొచ్చేసరికి పేజీ కొత్తగా లోడవుతుంది, నింపినదంతా పోతుంది. మళ్ళీ మొదటినుంచి 14 గడులు ఎవరు నింపుతారు? ప్రతి గడి వదలగానే విలువను బ్రౌజర్ లోకల్ స్టోరేజ్‌లో (ఫోన్‌లోనే ఉండే నిల్వలో) గానీ సర్వర్‌లో డ్రాఫ్ట్‌గా గానీ దాచండి. పాస్‌వర్డ్, కార్డు వివరాలు మాత్రం దాచకండి. మీ లాగ్‌లో ఫొటో గడి దగ్గరో ఓటీపీ దగ్గరో ఆగిపోయి, కాసేపటికి అదే మనిషి మొదటి గడి నుంచి మొదలుపెట్టినట్టు కనిపిస్తే కారణం చాలావరకు ఇదే.

ఫొటో అప్‌లోడ్

"ఫొటో 50 కేబీ లోపు ఉండాలి" అని మీ ఫారం అడుగుతోందన్నారు. ఫోన్ కెమెరా ఫొటో మామూలుగానే 2 నుంచి 5 ఎంబీ ఉంటుంది. దాన్ని నలభై నుంచి వంద వంతుల్లో ఒక వంతుకు కుదించమని మామూలు మనిషిని అడగడమంటే వేరే యాప్ వెతుక్కోమని పంపించడమే. బ్రౌజర్‌లోనే క్యాన్వాస్ (బొమ్మలు గీసే, మార్చే సదుపాయం) వాడి పొడవైన వైపు 800 పిక్సెళ్ళకు తగ్గించి, జేపీజీ నాణ్యత 0.7 దగ్గర పెట్టి పంపండి. అప్పటికీ 50 కేబీ దాటితే కొలత ఇంకాస్త తగ్గించే లూప్ రాసుకోండి. పాత పరిమితి ఎందుకుందో కనుక్కోండి. చాలాచోట్ల ఎప్పటిదో సర్వర్ లెక్క అలాగే మిగిలిపోయి ఉంటుంది.

ఇన్‌పుట్‌కు క్యాప్చర్ యాట్రిబ్యూట్ పెట్టకండి. ఫోన్లలో అది నేరుగా కెమెరానే తెరుస్తుంది, గ్యాలరీలో ఉన్న పాస్‌పోర్ట్ సైజు ఫొటో ఎంచుకునే వీలుండదు. ఐఫోన్ ఫొటోలు హెచ్‌ఈఐసీ రూపంలో రావచ్చు, సర్వర్‌లో మార్చుకునే ఏర్పాటు ఉండాలి. ఫొటో పక్కకు తిరిగి కనిపిస్తే ఎక్సిఫ్‌లోని (ఫొటో ఫైల్‌లో దాగి ఉండే వివరాల్లోని) దిశ సమాచారాన్ని మీ కోడ్ పట్టించుకోలేదని అర్థం.

ఎర్రర్ మెసేజ్‌లు

టైప్ చేస్తుండగానే తప్పు అనకండి. ఈమెయిల్‌లో మూడో అక్షరం కొట్టేసరికి "చిరునామా సరికాదు" అని ఎర్రగా వస్తే, ఇంకా వాక్యం పూర్తికాకుండానే మాట అడ్డుకున్నట్టుంటుంది. గడి వదిలి బయటికి వచ్చాక చూడండి. ఒకసారి ఎర్రర్ చూపించాక మాత్రం, సరిదిద్దిన క్షణంలోనే తీసేయండి.

మెసేజ్‌ను లేబుల్‌కూ గడికీ మధ్యలో పెట్టండి. గడి కింద పెడితే ఫోన్‌లో కీబోర్డ్ గానీ ఆటోఫిల్ జాబితా గానీ దాన్ని కప్పేస్తుంది. మనిషి అదే గడిలో ఉంటాడు, తప్పేంటో కనిపించదు. ఎర్ర అంచు ఒక్కటే చాలదు, రంగులు తేడా తెలియనివాళ్ళకు అది మామూలు గడే. స్క్రీన్ రీడర్‌కూ తెలిసేలా కోడ్‌లో గడికి ఏరియా-ఇన్‌వ్యాలిడ్ ట్రూ (aria-invalid="true") అని, ఏరియా-డిస్క్రైబ్డ్‌బైలో (aria-describedby) మెసేజ్ ఐడీ ఇవ్వండి.

ఇక మాటలు. "చెల్లని ఇన్‌పుట్" అనే మెసేజ్‌లో సమాచారం సున్నా. "నెల 1 నుంచి 12 లోపు ఉండాలి, మీరు 14 రాశారు" అంటే చూసినవాళ్ళు రెండు సెకన్లలో సరిదిద్దుతారు, రోజూ నెలా తారుమారయ్యాయని వాళ్ళకే తెలుస్తుంది. "సరైన ఫైల్ ఎంచుకోండి" బదులు "ఇది పీడీఎఫ్ ఫైల్, ఇక్కడ ఫొటో కావాలి". ఏం జరిగింది, ఏం చేయాలి, ఈ రెండూ ఉంటే చాలు. క్షమాపణలు, ఆశ్చర్యార్థకాలు వద్దు.

అన్నీ నిండేదాకా సబ్మిట్ బటన్‌ను బూడిద రంగులో ఆపి ఉంచడం బాగా అలవాటైన పద్ధతే, కానీ మానేయండి. అన్నీ నింపాననుకున్న మనిషి బటన్ పనిచేయకపోతే ఏం చేయాలి? ఏది మిగిలిందో చెప్పే నోరు ఆ బటన్‌కు లేదు. బటన్ ఎప్పుడూ పనిచేయాలి. నొక్కాక తప్పులుంటే ఫారం పైభాగంలో వాటి జాబితా చూపించి, ప్రతిదాన్నీ ఆ గడికి లింక్ చేసి, ఫోకస్‌ను (ప్రస్తుతం ఎంపికై ఉన్న చోటును) ఆ జాబితా మీదికి తీసుకెళ్ళండి. సర్వర్ తిప్పికొట్టినా అప్పటిదాకా రాసింది ఒక్క అక్షరం పోకూడదు.

పేరు గడిలో తెలుగు

ఫారం తెలుగులో ఉంటే పేరు తెలుగులో రాసేవాళ్ళు ఉంటారు, రాయాలి కూడా. ఇక్కడ ఇంగ్లీషు అక్షరాల కోసం రాసిన నిబంధనలు మొదటికే మోసం తెస్తాయి. యూనికోడ్‌లో (అన్ని భాషల అక్షరాలకూ సంకేతాలిచ్చే ప్రమాణంలో) "అక్షరాలు" అనే వర్గాన్ని మాత్రమే అనుమతించే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (రాసినది నమూనాకు సరిపోతుందా చూసే సూత్రం) పెట్టారనుకోండి, "రమ" అనే పేరు దాటిపోతుంది, "రాము" ఆగిపోతుంది. ఎందుకంటే దీర్ఘం, కొమ్ము, పొల్లు యూనికోడ్ లెక్కలో అక్షరాలు కావు, గుర్తుల వర్గంలో ఉంటాయి. ఆ వర్గాన్ని కూడా అనుమతించాలి. దాంతోపాటు అక్షరాలు అతుక్కోకుండా ఆపే కనిపించని గుర్తు జీరో విడ్త్ నాన్ జాయినర్‌ను, ఇనిషియల్ పక్కన చుక్కను, ఖాళీని కూడా.

పొడవు లెక్క కూడా అంతే. "శ్రీ" కంటికి ఒక్కటే, యూనికోడ్‌లో నాలుగు సంకేతాలు, యూటీఎఫ్-8లో 12 బైట్లు. బైట్లలో 30 అని పరిమితి పెట్టిన డేటాబేస్ గడిలో తెలుగు పేరుకు 10 సంకేతాలే పడతాయి. పైగా చివర్లో అక్షరం మధ్యకు తెగి చెత్త గుర్తు మిగలవచ్చు. దాచేముందు యూనికోడ్ ఎన్ఎఫ్‌సీ రూపంలోకి (ఒకే అక్షరాన్ని ఒకే తీరుగా ఉంచే రూపంలోకి) మార్చండి, ఐత్వాన్ని రెండు రకాలుగా నిల్వ చేసే వీలుంది కాబట్టి. కోర్సుల వెతుకులాటలో "వెబ్‌సైట్" అని నాన్ జాయినర్‌తో రాసినదీ, లేకుండా రాసినదీ రెండూ దొరకాలంటే, పోల్చేముందు రెండు వైపులా ఆ కనిపించని గుర్తు తీసేయండి.

చూడ్డానికి సంబంధించి: వరుసల మధ్య ఎత్తు తెలుగుకు 1.6 నుంచి 1.8 దాకా ఇవ్వండి. బటన్‌కు ఎత్తు స్థిరంగా పెట్టి పొంగినది దాచేస్తే కింది వత్తులు తెగుతాయి. స్థిరమైన ఎత్తు బదులు కనీస ఎత్తు, ప్యాడింగ్ వాడండి. అక్షరాల మధ్య ఎడం పెంచే సెట్టింగ్, ఇటాలిక్ తెలుగులో మానుకోండి. హెచ్‌టీఎంఎల్ ట్యాగ్‌లో భాష తెలుగు అని ప్రకటించకపోతే స్క్రీన్ రీడర్ వేరే భాష గొంతుతో చదవబోయి తడబడుతుంది.

బటన్లు, వేగం

తాకే చోటు కనీసం 24 పిక్సెళ్ళు ఉండాలని డబ్ల్యూసీఏజీ 2.2 ఏఏ (మధ్య) స్థాయి అంటుంది. ఆచరణలో 44 నుంచి 48 ఇవ్వండి. చెక్‌బాక్స్‌కైతే పక్కనున్న వాక్యం కూడా తాకేలా లేబుల్‌లో చుట్టేయండి. కింద అతుక్కుని ఉండే చాట్ బటన్, కుకీ పట్టీ సబ్మిట్‌ను కప్పుతున్నాయేమో చిన్న తెర మీద చూడండి. ఆలస్యంగా లోడయ్యే బ్యానర్ పేజీని కిందికి తోస్తే వేలు వేరేదాని మీద పడుతుంది. దాని ఎత్తు ముందే కేటాయించండి. ఈ కదలికను కొలిచే సీఎల్ఎస్ 0.1 లోపు, తాకినప్పుడు స్పందించే ఐఎన్‌పీ 200 మిల్లీసెకన్ల లోపు ఉంటే మంచి స్థితి.

సబ్మిట్ నొక్కిన వెంటనే బటన్ మీద మాట "పంపుతున్నాం" అని మారాలి. ఏమీ మారకపోతే మళ్ళీ నొక్కుతారు, రెండు రిజిస్ట్రేషన్లు పడతాయి. బటన్ ఆపడం ఒక్కటే నమ్ముకోకుండా ప్రతి ఫారానికీ ఒక టోకెన్ (ప్రత్యేక గుర్తింపు సంకేతం) ఇచ్చి, రెండోసారి వచ్చిన అదే టోకెన్‌ను సర్వర్‌లో వదిలేయండి.

ఏ వరుసలో చేయాలి

మొదట డ్రాఫ్ట్ దాచడం, ఫొటో కుదించడం, ఫోన్ నంబరు శుభ్రం చేయడం. ఈ మూడూ మనిషిని పూర్తిగా ఆపేసేవి. తర్వాత లేబుళ్ళు, కీబోర్డ్ రకాలు, ఆటోకంప్లీట్. ఆ తర్వాత ఎర్రర్ మాటలు. ఒక్కో విడత పెట్టాక కనీసం ఒక పూర్తి వారం లాగ్ చూడండి, వారాంతం రద్దీ వేరుగా ఉంటుంది. అన్నీ ఒకేరోజు మారిస్తే ఏది పనిచేసిందో తేలదు.

విడుదల చేసేముందు మౌస్ పక్కన పెట్టి ట్యాబ్ కీతోనే ఫారం మొత్తం నింపండి, ఫోకస్ ఎక్కడుందో ప్రతి అడుగులోనూ కనిపించాలి. కంప్యూటర్‌లో 400 శాతం జూమ్ చేసి అడ్డంగా జరపకుండా చదవగలుగుతున్నారా చూడండి. ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్, ఐఫోన్‌లో వాయిస్ ఓవర్ అనే స్క్రీన్ రీడర్లు పెట్టి ఒకసారి కళ్ళు మూసుకుని వినండి. ఆటోమేటిక్ పరీక్ష టూల్స్ కాంట్రాస్ట్, లేబుల్ లేని గడులు పట్టిస్తాయి. మెసేజ్ అర్థమవుతుందా లేదా అన్నది వాటికి అందదు.

ఇవన్నీ అయ్యాక కూడా చివరి పేజీలో ఫీజు కనిపించగానే వెళ్ళిపోతుంటే అది ఫారం సమస్య కాదు. ఫీజు, తరగతి వేళలు, కోర్సు ఎన్ని వారాలో మొదటి గడికి పైనే రాయండి. కావాల్సిన పత్రాల జాబితా కూడా అక్కడే పెట్టండి.